ప్రాజెక్టు ఎవరు చేశారు?

పీటీఎంలో మార్కుల సంగతి అయిపోయాక ఈ మధ్య చాలామంది తల్లిదండ్రులు ఒకే ప్రశ్న అడుగుతున్నారు: "మేడమ్, మావాణ్ని ఇప్పటినుంచే కోడింగ్ క్లాసులో చేర్పించమంటారా?" నేను ఇంగ్లిష్ టీచర్ని. అయినా అడుగుతారు. ఆ ప్రశ్న వెనక ఉన్న ఆందోళన నాకు తెలుసు. నాలుగేళ్ల బీటెక్ ఫీజులు, హాస్టల్ ఖర్చులు ముందే లెక్కేసుకున్నవాళ్లు, చదువు పూర్తయ్యేలోపే పిల్లల చేతికి ఉద్యోగం రావాలని కోరుకోవడంలో తప్పేముంది?

పిల్లలకి ఇష్టముంటే చేర్పించండి. కానీ మొదటి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం దగ్గర మన పిల్లలు తడబడే చోటు వేరే ఉంది. ఆ అలవాటు ఇంజినీరింగ్ కాలేజీలో కాదు, మన ఇళ్లలో, మన స్కూలు ప్రాజెక్టుల దగ్గరే మొదలవుతోందని నా అభిప్రాయం.

క్యాంపస్ ప్లేస్‌మెంట్ ఎలా జరుగుతుందో చూడండి. చాలా కంపెనీలు ముందు పది, ఇంటర్, బీటెక్ మార్కులు చూస్తాయి. అన్నింట్లో 60 శాతం ఉండాలని, బ్యాక్‌లాగ్స్ ఉండకూడదని అడగడం మామూలే. ఆ తర్వాత ఆన్‌లైన్ పరీక్ష. టీసీఎస్ 2018లో మొదలుపెట్టిన నేషనల్ క్వాలిఫైయర్ టెస్టునే తీసుకోండి. అందులో కోడింగ్ కంటే ముందు న్యూమరికల్, వెర్బల్, రీజనింగ్ ఉంటాయి. అంటే శాతాలు, నిష్పత్తులు, కాలం-పని లెక్కలు, ఒక ఇంగ్లిష్ పేరా చదివి అర్థం చేసుకోవడం. ఇవి మన ఏడు, ఎనిమిది తరగతుల పాఠాలే. (ఐఐటీ ఫౌండేషన్ పుస్తకం తెరిచే తొందరలో మనం దాటేసేవి కూడా ఇవే. ఆ మాట ఇంకోసారి మాట్లాడుకుందాం.)

పరీక్ష దాటినవాళ్లకి టెక్నికల్ ఇంటర్వ్యూ. ఎదురుగా కూర్చున్నవాళ్లు రెజ్యూమె చూసి తప్పకుండా అడిగే మాట, "నీ ప్రాజెక్టు గురించి చెప్పు." దాని వెనకే వచ్చేవి అసలైన ప్రశ్నలు. ఇందులో నువ్వు రాసిన భాగం ఏది? డేటాని ఇలాగే ఎందుకు దాచావు? ఎక్కడ ఆగిపోయావు, ఎలా బయటపడ్డావు?

ఇక్కడ చాలామంది గొంతు ఆగిపోతుంది. ఎందుకంటే ఆ ప్రాజెక్టు వాళ్లది కాదు. అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల ఫైనల్ ఇయర్ ప్రాజెక్టులు డబ్బిస్తే దొరుకుతాయని హైదరాబాద్‌లో చదివిన ప్రతి ఇంజినీరుకూ తెలుసు. కోడు, రిపోర్టు, పీపీటీ, బైండింగ్ అన్నీ కలిపి ఇస్తారు. అదే అమీర్‌పేటలో జావా, టెస్టింగ్ నేర్చుకుని స్థిరపడ్డవాళ్లు వేలమంది. నేర్చుకోవడానికి వెళ్లడం వేరు, కొనుక్కోవడానికి వెళ్లడం వేరు. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక ఆ కొనాల్సిన అవసరం కూడా తగ్గింది, అడిగితే కోడు వచ్చేస్తోంది. కోడు అంత సులువుగా దొరికే రోజుల్లో, దాన్ని వివరించగలిగిన పిల్లలకే విలువ.

సొంతంగా చేసిన ప్రాజెక్టు పెద్దదిగా ఉండక్కర్లేదు. ఒక అమ్మాయి తన వీధిలోని కిరాణా కొట్టు అప్పుల ఖాతాని ఫోన్లోకి తెచ్చే చిన్న ప్రోగ్రామ్ రాసిందనుకోండి. మొదటి వారంలోనే చిక్కొస్తుంది, ఖాతాలో ఇద్దరు వెంకటేశ్వర్లు ఉంటారు. ఒకరి బాకీ ఇంకొకరికి పడుతుంది. అప్పుడు పేరుతో కాకుండా ఫోన్ నంబరుతో మనిషిని గుర్తించాలని తనకే తడుతుంది. తర్వాత ఒకే ఇంట్లో అత్తా కోడళ్లు ఒకే నంబరు ఇస్తారు. మళ్లీ ఆలోచించాలి, ప్రతి ఖాతాకీ విడిగా ఒక నంబరు ఇవ్వాలి. డేటాబేస్ పుస్తకంలో 'ప్రైమరీ కీ' అని బట్టీ పట్టే మాట ఇదే. "ఎక్కడ ఆగిపోయావు?" అని అడిగితే ఈ అమ్మాయి పది నిమిషాలు చెప్పగలదు. రాసుకున్న కోడుని ఎప్పటికప్పుడు గిట్‌హబ్‌లో పెడుతూ ఉంటే, ఏ తేదీన ఏం మార్చిందో అక్కడ వరసగా కనిపిస్తుంది. ఒక్క రాత్రిలో ఎక్కించిన ప్రాజెక్టుకి ఆ చరిత్ర ఉండదు.

ఇప్పుడు మన సంగతి. ఎఫ్ఏ ప్రాజెక్టు వర్కులు, సైన్స్ ఎగ్జిబిషన్ మోడళ్లు టేబుల్ మీద పెట్టగానే ఎవరు చేశారో మాకు తెలిసిపోతుంది. స్టేషనరీ షాపు చార్టుకి ఒక నీటుదనం ఉంటుంది. నాన్న ఆఫీసులో కలర్ ప్రింట్ తీసిన పేజీలకి ఇంకొకటి. రాత్రి పదకొండింటికి అమ్మ కట్ చేసిన థర్మాకోల్ అంచులు మరీ నున్నగా ఉంటాయి. పిల్లలు పక్కన నిలబడి కంఠతా పట్టిన నాలుగు ఇంగ్లిష్ వాక్యాలు అప్పజెబుతారు. "ఈ మోటారు తిరగడానికి కరెంటు ఎక్కణ్నించి వస్తోంది నాన్నా?" అంటే మళ్లీ మొదటి వాక్యం దగ్గరికే వెళతారు. అందంగా ఉన్నదానికి మేమూ ఎక్కువ మార్కులు వేస్తున్నాం కదా అని మీరు అడగొచ్చు. అడగాల్సిన మాటే. మార్కులు వివరణకి పడాలి, ముస్తాబుకి కాదు. మా స్టాఫ్‌రూములోనూ నేను ఇదే వాదిస్తున్నాను.

ఈ అలవాటు కాలేజీ దాకా పోతే ఖర్చు పెరుగుతుంది. ఆరో తరగతిలో చార్టు కొన్న ఇల్లే బీటెక్‌లో ప్రాజెక్టు కొంటుంది, చివరికి 'బ్యాక్‌డోర్' ఉద్యోగమంటూ కన్సల్టెన్సీలకి లక్షలు కట్టే దాకా వెళ్లేవాళ్లూ ఉన్నారు. ఉద్యోగం కోసం ఎవరికీ డబ్బు కట్టొద్దని టీసీఎస్, ఇన్ఫోసిస్ లాంటి కంపెనీలే అభ్యర్థులను హెచ్చరిస్తుంటాయి.

ఇంగ్లిష్ టీచర్‌గా ఒక్క మాట. ఇంట్లో పిల్లలు చేసినదాన్ని ముందు తెలుగులోనే చెప్పనివ్వండి. అమ్మమ్మకి అర్థమయ్యేలా చెప్పగలిగితే, దాన్ని ఇంగ్లిష్‌లోకి తెచ్చే పని నాది. తెలుగులోనే తెలియని విషయానికి నేను గ్రామర్ మాత్రమే నేర్పగలను.

ఈసారి ప్రాజెక్టు వర్క్ ఇచ్చినప్పుడు కత్తెర, జిగురు వాళ్లకే వదిలేయండి. మోడల్ వంకరగా ఉన్నా, బల్బు వెలగకపోయినా అలాగే పంపండి. ఎందుకు వెలగలేదో మా పిల్లల్ని మేం క్లాసులో అడుగుతాం.