ధ్వని సామ్యం చాలదు: జర్మానిక్ భాషల్లో ఒక ఆదాన విశేషణం

తెలుగు పదాల వ్యుత్పత్తి చర్చల్లో ఒక వాదం తరచు వినిపిస్తుంది. ఒక మాట తమిళ, కన్నడ, మలయాళాల్లోనూ ఉండి, ధ్వనులు క్రమబద్ధంగా సరిపోతే అది మూల ద్రావిడ పదమేనని, ఇక విచారణ అనవసరమని ఆ వాదం. ఇది ఎంత తొందరపాటు తీర్మానమో జర్మానిక్ భాషల్లోని ఒక విశేషణం చూపుతుంది.

'సన్నని, మేలైన' అనే అర్థాల్లో ఇంగ్లీషు, జర్మన్ భాషల్లో 'ఫైన్', డచ్‌లో 'ఫెయిన్', స్వీడిష్‌లో 'ఫీన్' ఉన్నాయి. పందిని తెలిపే అచ్చ జర్మానిక్ పదం ఇంగ్లీషులో 'స్వైన్', జర్మన్‌లో 'ష్వైన్', డచ్‌లో 'జ్వెయిన్', స్వీడిష్‌లో 'స్వీన్'. రెండు వరుసల్లోనూ అచ్చుల అనురూపత ఒక్కటే. అయినా మొదటిది జర్మానిక్ వారసత్వం కాదు. అది మధ్యయుగంలో ప్రాచీన ఫ్రెంచి నుంచి వ్యాపించిన ఆదానం. దాని మూలం 'హద్దు, అంతం' అనే అర్థం గల లాటిన్ 'ఫీనిస్'.

ఇంగ్లీషు, జర్మన్, డచ్ భాషల్లో దీర్ఘ ఈకారం సంయుక్తాచ్చుగా మారకముందే ఈ మాట వాటిలో చేరింది. అందువల్ల అచ్చ పదాలతోపాటు ఇదీ మారింది. స్వీడిష్‌లో ఆ మార్పు జరగలేదు కనుక ఈకారం నిలిచింది. అంటే ఇక్కడి అనురూపత మాట చేరిన కాలాన్ని సూచిస్తుందే తప్ప దాని పుట్టుకను నిర్ణయించదు. అసలు గుట్టు పదాది హల్లులో ఉంది. 1822లో గ్రిమ్ వివరించిన సూత్రాల ప్రకారం లాటిన్ పదాది పకారానికి జర్మానిక్‌లో ఫకారం ('పాటెర్' – 'ఫాదర్'), లాటిన్ ఫకారానికి బకారం ('ఫ్రాటెర్' – 'బ్రదర్') రావాలి. ఇరువైపులా ఫకారమే ఉండటం ఎరువుకు గుర్తు. గోథిక్‌లో, ప్రాచీన ఇంగ్లీషులో ఈ విశేషణం కనిపించకపోవడం దాన్ని బలపరుస్తుంది.

ఇలా అనుమానిస్తే తులనాత్మక పద్ధతే కూలుతుందన్న ఆక్షేపణ నిలవదు. ఎరువును పట్టిచ్చినది కూడా ధ్వని సూత్రమే. ఒక సూత్రం సరిపోగానే ఆగిపోవడమే దోషం.

ద్రావిడ భాషల్లోనూ ఇటువంటి విశేషణం ఉంది: తెలుగు 'ఖాళీ', కన్నడ 'ఖాలి', తమిళ మలయాళాల్లో 'కాలి'. తమిళంలో మహాప్రాణం పోయింది. తెలుగులో లకారం ళకారమై దేశ్యచ్ఛాయ పొందింది. అరబ్బీ మూలం తెలిసినందువల్లనే దీన్ని ఎవరూ మూల ద్రావిడమనరు. మూలం అంత స్పష్టంగా తెలియని పాత ఎరువుల విషయంలో ఆ రక్షణ లేదు.

1961లో ద్రావిడ వ్యుత్పత్తి కోశం ప్రకటించిన బరో, ఎమెనోలు మరుసటి ఏడాదే ఇండో–ఆర్యన్ ఆదానాలకు ప్రత్యేకంగా ఒక గ్రంథం కేటాయించారు. మొదటిదాన్ని ఉదాహరించేవారు రెండవదాన్నీ తెరవాలి. శాసనాల్లో, కావ్యాల్లో తొలి ప్రయోగాన్ని, గోండి, కువి వంటి భాషల సాక్ష్యాన్ని, సంస్కృత ప్రాకృతాల్లో మూలం ఉండే అవకాశాన్ని పరిశీలించిన తర్వాతనే ఒక పదాన్ని దేశ్యమని నిర్ణయించాలి.