సాఫ్ట్‌వేర్ సరే... తలుపులెన్ని?

సివిల్ విద్యార్థుల రెజ్యూమెల్లో ఆటోక్యాడ్, రెవిట్ తప్పక ఉంటాయి. ప్లాన్ చేతికిచ్చి ‘డి1 తలుపులెన్ని?’ అంటే మాత్రం తడబాటే! ఇదేం చిన్న పని కాదు. అయిదంతస్తులకూ ఒకే ప్లానైతే, అందులో ఒక్క తలుపు వదిలేసినా 5 తలుపులు గల్లంతు... ద్వారబంధాలు, తాళాలతో సహా.

ప్లాస్టరింగ్‌లో ఇంకో మెలిక. 0.9 మీటర్ల వెడల్పు, 2.1 మీటర్ల ఎత్తు తలుపంటే 1.89 చదరపు మీటర్లు. గోడకు రెండువైపులా ఒకే ప్లాస్టరింగైతే, ఐఎస్ 1200 కొలతల ప్రమాణం ప్రకారం ఒకవైపే తగ్గించాలి. రెండువైపులా తగ్గిస్తే కాంట్రాక్టర్‌కు నష్టం.

సాఫ్ట్‌వేర్ వద్దనడం లేదు. ముందు ఓ ప్లాన్ ప్రింట్ తీసుకుని, లెక్కేసిన ప్రతి తలుపు మీదా రంగు పెన్నుతో టిక్ పెట్టండి. డోర్ షెడ్యూల్‌తో సరిచూడండి. ఇంటర్వ్యూకి ఆ షీటు కూడా పట్టుకెళ్లండి.