కుర్చీ దిగిన తరువాత



మా సంఘములో ముప్పది ఏండ్లు లెక్కలు చూచి రిటైరైన ఒక పెద్దాయన, "అయ్యగారూ, ఇప్పుడు ఎవరూ ఫోను చేయరండీ" అని కంటతడి పెట్టుకొన్నారు. "విశ్రాంతి తీసుకోండి" అన్నాను. ఆ మాట తప్పని తరువాత తోచింది.

బేగంపేట పైగా ప్యాలెస్‌లో 2008 నుండి 2023 వరకు అమెరికా కాన్సులేటు ఉండేది గనుక, దౌత్యమనగానే మనకు వీసాలే గుర్తుకొస్తాయి. అయితే హైదరాబాదువారైన సయ్యద్ అక్బరుద్దీన్ గారి జీవితము చూడండి. 1985లో విదేశాంగ సర్వీసులో చేరి, 2016 నుండి 2020 వరకు ఐక్యరాజ్యసమితిలో భారత శాశ్వత ప్రతినిధిగా పనిచేశారు. 2017లో బ్రిటన్ తన అభ్యర్థిని విరమింపజేయగా, మన దల్వీర్ భండారీ గారు అంతర్జాతీయ న్యాయస్థానమునకు తిరిగి ఎన్నికగుటలో ఆయన కృషి గలదు. 2019 ఆగస్టులో, పాకిస్తానుతో సంభాషణ ఎప్పుడని ఆ దేశపు విలేకరులు అడుగగా, ఆయన వేదిక దిగి వెళ్లి వారితో చేయి కలిపారు.

2020 ఏప్రిల్‌లో, కరోనా దినములలో, ప్రధాన కార్యదర్శి గుటెరస్ గారికి వీడియోలోనే నమస్కారము చెప్పి సెలవు తీసుకొన్నారు. పదవి పోయింది, నేర్చినది పోలేదు. హైదరాబాదులోని కౌటిల్య స్కూల్ ఆఫ్ పబ్లిక్ పాలసీకి డీన్‌గా యువతకు బోధించారు. ఆ ఎన్నిక కథను 2021లో పుస్తకముగా వ్రాశారు.

మా పెద్దాయనకు కావలసినది విశ్రాంతి కాదు, తన లెక్కలు అడిగే మనిషి. మీ ఇంటిలోనూ అట్టివారు ఉన్నారేమో! ఈ వారము వారి ప్రక్కన కూర్చుండి, "మీ పని నాకు కొంచెం నేర్పుతారా?" అని అడిగి చూడండి.