తాండ్ర ముక్కా... కాస్త ఆగండి!

ఖమ్మం, సత్తుపల్లి వైపు మామిడి తోటలకు కొదవ లేదు. భద్రాచలం దాటి అడవి దారి పడితే వేసవిలో తునికి పండ్లు, తొలకరికి నేరేడు పండ్లు. మామిడి కాలం ముగిసి వానలు మొదలయ్యాక పిల్లాపెద్దా ఇష్టంగా చప్పరించేది మాత్రం తాండ్రే. ఇంట్లో కిడ్నీ జబ్బు ఉన్నవారికీ 'పండే కదా, ఏమవుతుంది?' అని ఓ ముక్క చేతిలో పెడుతుంటారు. చిక్కంతా అక్కడే!

మామిడి గుజ్జులో నూటికి 80 పాళ్లకు పైగా నీరే. 100 గ్రాముల గుజ్జులో సుమారు 170 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. రసాన్ని చాప మీద పొరలు పొరలుగా పోసి ఎండబెడితే నీరు ఆవిరైపోతుంది. పొటాషియం మాత్రం ఎక్కడికీ పోదు. అంటే చిన్న ముక్కలోనే పెద్ద పండు సారం ఉంటుందన్నమాట. పైగా పంచదారో, బెల్లమో కలుపుతారు. బెల్లంలోనూ పొటాషియం ఉంటుంది. కిడ్నీలు చెడిపోవడానికి ముఖ్య కారణాల్లో మధుమేహం ఒకటి కాబట్టి ఆ తీపి మరో బెడద.

ఆరోగ్యంగా ఉన్నవారిలో ఎక్కువైన పొటాషియాన్ని కిడ్నీలు మూత్రంలో పంపించేస్తాయి. దెబ్బతిన్న కిడ్నీలకు ఆ శక్తి తగ్గుతుంది. రక్తంలో అది లీటరుకు 3.5 నుంచి 5 మిల్లీ ఈక్వివలెంట్ల దాకా ఉండాలి. 6 దాటితే గుండె లయ తప్పి, ఒక్కోసారి ఆగిపోయే ప్రమాదం ఉంది. కాళ్లు చచ్చుబడినట్లుండటం, గుండె దడ వంటివి కనిపించవచ్చు, ఏ లక్షణమూ లేకనూ పోవచ్చు.

డయాలసిస్ మీద ఉన్నవారికి రెండు విడతల మధ్య ఎడం పెరిగేకొద్దీ పొటాషియం పేరుకుంటుంది. 2022 జులైలో భద్రాచలం వద్ద గోదావరి 71 అడుగులు దాటింది. మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేసేది 53 అడుగులకే. అలాంటప్పుడు దారులు మునిగి ఆసుపత్రికి చేరడమే గండం. సరిగ్గా తాండ్ర డబ్బా మూత తీసేదీ ఆ రోజుల్లోనే!

అలాగని కిడ్నీ జబ్బు అనగానే పండ్లన్నీ మానేయనక్కర్లేదు. తొలి దశలో ఉండి, రక్తపరీక్షలో పొటాషియం మామూలుగా ఉంటే తాజా మామిడి ముక్క ఒకటో రెండో తినొచ్చు. పొటాషియం ఎక్కువున్నవారు, డయాలసిస్ చేయించుకునేవారు తాండ్ర, ఎండు ఖర్జూరం, కిస్‌మిస్‌ల జోలికి పోకపోవడమే మేలు. అరటి, జామ, పనసల్లోనూ పొటాషియం ఎక్కువే. బదులుగా చిన్న ఆపిల్ ముక్కలు, అనాస, కొద్దిగా నేరేడు పండ్లు నయం. స్టార్ ఫ్రూట్ మాత్రం కిడ్నీ రోగులు ముట్టకూడదు. అందులోని విషపదార్థం మెదడును దెబ్బతీస్తుంది. దాన్ని బ్రెజిల్ శాస్త్రవేత్తలు 2013లో గుర్తించారు.

ఎవరికెంత అన్నది రక్తపరీక్ష చూసి డాక్టరు చెప్పాల్సిందే. వానలు ముదరక ముందే ఆ మాట అడిగి తెలుసుకోవాలి. డయాలసిస్ రోజు దాటిపోతే, దడ, తీవ్రమైన నీరసం కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయాలి.