తలుపు కోసం గోడ కూల్చొద్దు

గోదావరి జిల్లాల్లో పాత మండువా లోగిలిని బాగు చేయించుకుందామనుకునే వాళ్లకు తరచూ అందే సలహా ఒకటుంది: పాత కలపంతా పీకేయండి, రెడీమేడ్ తలుపులు పెట్టించండి. పైకి చవగ్గా కనిపించే ఈ సలహా ఇంటి ప్రాణానికే ముప్పు.

పాత ఇంట్లో ఏ రెండు గుమ్మాలూ ఒకే కొలతలో ఉండవు. మట్టితోనో సున్నంతోనో కట్టిన గోడలు ఏళ్లు గడిచేకొద్దీ కొంత కుంగుతాయి, కొంత ఒరుగుతాయి. ఏడడుగుల ఎత్తు, మూడడుగుల వెడల్పున్న తలుపు కొనితెస్తే దానికోసం గోడ పగలగొట్టాలి. ఆపైన సందులన్నీ సిమెంటుతో పూడుస్తారు. సిమెంటు పూత గోడలోని చెమ్మను బయటికి పోనివ్వదు. ఆ చెమ్మ దూలాల కొసలకు చేరితే కలప పుచ్చుతుంది, చెదలు పడతాయి.

చేయి తిరిగిన వడ్రంగి ఉలి మొనతో గుచ్చి, పుచ్చు ఎంతవరకు పాకిందో ముందు తేల్చుకుంటాడు. స్తంభాలు ఎక్కువగా దెబ్బతినేది అడుగునే; పైన కలప గట్టిగానే ఉంటుంది. పైకప్పుకు ఊతకర్రలు పెట్టి, పాడైన మేరకే కోసి, అదే జాతి కలపతో కొత్త ముక్క చెక్కి, దాని కొసన తీర్చిన కుసిని పాత కలపలోని బెజ్జంలో బిగిస్తాడు. ఆ కలప బాగా ఎండినదై ఉండాలి. పచ్చిదైతే ఆరేకొద్దీ కుదించుకుపోయి అతుకు వదులవుతుంది. గుమ్మం ఒరిగి ఉంటే గోడ జోలికి పోకుండా, తలుపు రెక్కనే ఆ వాలుకు తగ్గట్టు చిత్రిక పడతాడు.

విలియం మోరిస్, ఫిలిప్ వెబ్ తదితరులు 1877లో ఇంగ్లండ్‌లో పురాతన కట్టడాల పరిరక్షణ సంఘం స్థాపించి వాదించింది కూడా ఇదే: పాతదాన్ని చెరిపి కొత్తగా కట్టకుండా, పాడైనంత మేరకే మరమ్మతు చేయాలి. పాత కలపను పారేయకుండా మళ్లీ వాడుకోవచ్చనడానికి మన దగ్గరే ఉదాహరణ ఉంది: చెన్నై సమీపంలో 1996లో ప్రారంభమైన దక్షిణచిత్ర మ్యూజియంలో దక్షిణాది పాత ఇళ్లను విడదీసి తెచ్చి మళ్లీ నిలబెట్టారు.

కొలిచి చేసే పనికి కూలి ఎక్కువవుతుంది, నిజమే. కానీ కలపలో అధికభాగం ఇంట్లోనే ఉంది. పాత టేకు ద్వారబంధాలను వ్యాపారులు వెతుక్కుంటూ వచ్చి కొనుక్కుపోతున్నారంటే వాటి విలువ తెలిసే కదా!

ఇలాంటి పని తెలిసిన వడ్రంగులను తయారుచేసుకోవడానికి ఒక దారి ఉంది. కేంద్రం 2023 సెప్టెంబరు 17న ప్రారంభించిన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో వడ్రంగం ఒకటి. పనిముట్లకు రూ.15,000, 5 శాతం వడ్డీకి రూ.3 లక్షల వరకు రుణం, శిక్షణ ఉన్నాయి. ఆ శిక్షణలో పాత ఇళ్ల మరమ్మతును చేర్చేలా రెండు తెలుగు రాష్ట్రాలూ చొరవ తీసుకోవాలి, పెద్ద వడ్రంగులనే గురువులుగా పెట్టాలి. ఇంటివాళ్లు కూడా తాపీమేస్త్రీ కంటే ముందు వడ్రంగిని పిలిచి ఇల్లు చూపించాలి.