పెళ్లికి ఎందరొస్తారు?

శ్రావణంలో అమ్మాయి పెళ్లి. వంటవాళ్లేమో భోజనాలు ఎన్నో చెప్పమంటారు. కాగితం మీద వేసిన లెక్క కొట్టివేతలతో నిండిపోయిందా? ఎక్సెల్ తెరవండి.

బీ1 గడిలో అతిథుల సంఖ్య, బీ2లో భోజనం ధర, బీ3లో హాలు అద్దె వేయండి. 600, 400, 2,00,000 అనుకుందాం. మొదటి రెంటినీ గుణించి మూడోది కలపమని బీ4లో ఫార్ములా రాస్తే రూ.4,40,000 వస్తుంది. బీ1లో 800 వేసి చూడండి, రూ.5,20,000!

ముసురు పట్టి 450 మందే వస్తే? రూ.3,80,000 చూపిస్తుంది. సంబరపడకండి. 600 భోజనాలకు తగ్గితే ఒప్పుకోమని వంటవాళ్లు ముందే చెప్పి ఉంటే చేతికొచ్చే బిల్లు రూ.4,40,000. ఆ షరతు మనం కంప్యూటర్‌కి చెప్పలేదు మరి! ఫార్ములాలో బీ1 బదులు మ్యాక్స్ ఫంక్షన్ పెట్టి, బీ1, 600లలో ఏది పెద్దదైతే దాన్ని తీసుకోమనాలి. అడ్వాన్సు ఇచ్చేముందు ఈ ఒక్క గడీ సరిచూసుకోండి.

డేటా మెనూలోని వాట్-ఇఫ్ ఎనాలసిస్‌లో సినారియో మేనేజర్ ఉంటుంది. 'మామూలు', 'ముసురు', 'అందరూ వస్తే' అని పేర్లు పెట్టి మూడు లెక్కలూ దాచుకోవచ్చు. పేరు ఎంచుకుని షో నొక్కితే అంకెలు మారిపోతాయి.

ఖర్చు 5 లక్షలు దాటకూడదా? బీ1లో 800 ఉంచి, అక్కడే ఉన్న గోల్ సీక్‌ని అడగండి. 750 మంది అంటుంది. అందులో వియ్యాలవారి తరఫున ఎందరో కనుక్కోవడం మాత్రం మీ పనే.