మాట కలిసిన చోటే సంఘం

మా కార్యాలయానికి చేరే ఉత్తరాలలో ఒక రకం ప్రత్యేకంగా గమనించదగినది. వాటిలో ఏ కోర్కె ఉండదు, ఏ సహాయమూ అడగరు. ఇక్కడ మాకు ఇలా జరుగుతున్నది, మీ వైపున కూడా ఇలాగే ఉన్నదా అని మాత్రమే ఉంటుంది. ఈ ఉత్తరాలను ప్రక్కన పెట్టే అలవాటు మన శాఖలలో ప్రబలుతున్నది. ఇది పొరపాటని మేము భావిస్తున్నాము.

మనిషి తన మనసులోని మాట పది మంది ముందు ఎందుకు పెడతాడు? సానుభూతి కోసమని కొందరంటారు. పని ఎగగొట్టడానికని యాజమాన్యాలంటాయి. అసలు కారణం వేరు. తనకు వచ్చిన కష్టం తన ఒక్కనిదేనా, అందరిదీనా అని తేల్చుకొనడానికే కార్మికుడు నోరు విప్పుతాడు. ఒక్కడుగా ఉన్నంతకాలం జీతంలో పడిన కోతను తలరాత అనుకుంటాడు. ప్రక్కవాడు నాకూ అంతే అన్న క్షణాన అది తలరాత కాకుండా పోతుంది. కారణం వెదకవలసిన సమస్య అవుతుంది. అక్కడి నుండి కోర్కెల పత్రం ఎంతో దూరం లేదు.

మన ఉద్యమ చరిత్రే దీనికి సాక్ష్యం. మద్రాసు పెరంబూరులో బకింగ్‌హాం, కర్ణాటిక్ మిల్లుల సమీపాన సెల్వపతి చెట్టియార్, రామానుజులు నాయుడు అనే ఇద్దరు వ్యాపారులు ఒక భక్త సభ నడిపేవారు. పురాణ శ్రవణానికి వచ్చిన మిల్లు కార్మికులు అక్కడ తమ గోడు చెప్పుకొనసాగారు. ఆ మాటలు విన్న ఆ ఇద్దరూ బి.పి. వాడియాను ఆశ్రయించారు. ఆయన ఆంగ్లంలో ప్రసంగించగా కార్మికులకు తమిళంలో అనువదించి చెప్పేవారు. 1918 ఏప్రిల్ 27న మద్రాసు లేబర్ యూనియన్ ఏర్పడింది. ముందు సంఘం పెట్టి తరువాత మాట్లాడుకొనలేదు. ముందు మాట్లాడుకొన్నారు, ఆ మాటలలో నుండే సంఘం పుట్టింది.

యాజమాన్యం కూడా ఈ మర్మం గ్రహించింది. 1920లో మిల్లుల యాజమాన్యం వాడియా ప్రభృతులపై మద్రాసు హైకోర్టులో దావా వేసి ఇంజంక్షన్ ఉత్తరువు పొందింది. ఆ దెబ్బ తరువాత సాగిన ఆందోళన ఫలితంగానే 1926 ట్రేడ్ యూనియన్ల చట్టం వచ్చింది. 2025 నవంబరు 21న అమలులోకి తెచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ఆ చట్టం స్థానాన్ని ఆక్రమించింది. ఒకే రోజున సగం మంది గాని, అంతకు మించి గాని కూడబలుక్కొని సెలవు పెడితే దానిని సమ్మెగానే ఈ కోడ్ పరిగణిస్తుంది. సెలవు పెట్టడం కాదు, కూడబలుక్కొనడమే పాలకులకు కంటగింపు అయిందన్నమాట!

అయితే పెరంబూరు మరొక పాఠం కూడా చెబుతున్నది. అది మనకు చేదైనది. 1921 సమ్మె కాలంలో ఆది ద్రావిడ కార్మికులు పెద్ద సంఖ్యలో పనిలోకి వెళ్ళారు. పులియంతోపులో వారి గుడిసెలు తగులబడ్డాయి, పోలీసు కాల్పులు జరిగాయి, చివరకు సమ్మె ఓడిపోయింది. యాజమాన్యమూ ప్రభుత్వమూ ఆ చీలికను వాడుకొన్న మాట నిజమే. కాని ఒకే మగ్గాల నడుమ పనిచేసిన వారి మధ్య మాట ఎందుకు కలవలేదు? అంటరానితనం గీసిన గీత సంఘం గడప దాటి లోపలికి కూడా వచ్చినందువలననే. అందరి మాట వినని ఐక్యత పరీక్షా సమయంలో నిలవదని అర్థం.

నేటి పరిస్థితి ఏమిటి? పశ్చిమ ఒడిశా నుండి తెలంగాణా ఇటుక బట్టీలకు వచ్చే కుటుంబాలకు తెలుగు రాదు. మోటారు సైకిలుపై ఇంటింటికీ భోజనం చేరవేసే యువకునికి ఫ్యాక్టరీ గేటు లేదు, యజమాని ముఖం కనబడదు. హోటలు ముందు పార్సెలు కోసం నిలబడిన పది నిమిషాలే అతనికి గేటు మీటింగు. గల్ఫ్ దేశాల లేబర్ క్యాంపులలోని కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల కార్మికునికి రాత్రి వేళ ఫోనులో వినిపించే తోటివాని గొంతే సంఘం. ఇవన్నీ కాలక్షేపపు కబుర్లని తీసిపారవేసే వారు భక్త సభలో గోడు చెప్పుకొన్న ఆ మిల్లు కార్మికులను జ్ఞప్తికి తెచ్చుకొనవలె.

ఆత్మవిమర్శ కూడా అవసరం. మన సభలలో వేదిక మీది వారు మాట్లాడుతారు, క్రింద కూర్చున్నవారు వింటారు. తీర్మానం చదువుతారు, చేతులు లేస్తాయి, సభ ముగుస్తుంది. వచ్చిన కార్మికుడు తెచ్చిన మాటను తెచ్చినట్లే ఇంటికి తీసుకొని పోతున్నాడు. రెండవసారి అతడు రాకపోతే తప్పు ఎవరిది?

కనుక శాఖలన్నింటికీ మేము విజ్ఞప్తి చేస్తున్నాము. ప్రతి సమావేశంలోనూ మొదటి అరగంట సభ్యులకు వదలండి. నాయకులు ఆ సమయంలో వినడానికే పరిమితం కావలె. పరభాషా కార్మికులున్న చోట వారి మాటను తెలుగులో చెప్పగలవారిని కూర్చోబెట్టండి. స్త్రీలు, కాంట్రాక్టు కార్మికులు, దళిత కార్మికులు మాట్లాడిన తరువాతనే తీర్మానాలకు పూనుకొనండి. వచ్చిన ప్రతి ఉత్తరానికీ జవాబు వ్రాయండి.

మీ వైపున కూడా ఇలాగే ఉన్నదా అని అడుగుతున్న కార్మికునికి, ఉన్నది, రా, కలిసి మాట్లాడుకొందామని చెప్పగలగడమే సంఘం మొదటి పని. మిగిలిన పనులన్నీ దాని తరువాతివే.